పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు

మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన జాన్ చిట్టియ్య మాస్టారు తొమ్మిదో తరగతిలో నన్ను ఒక్క అక్షరం కోసం కొట్టారు. లెక్కలు రాకపోతే కొట్టే మాస్టార్లున్నారు, అల్లరి చేస్తే కొట్టేవాళ్ళున్నారు. ఈయన దారి వేరు. పరీక్ష పేపరు మీద పల్లంరాజు అని నా పేరు ఇంగ్లీషులో రాస్తూ మొదటి పీ చిన్నది వేశాను. ఆయన నన్ను లేపి స్పెల్లింగ్ చెప్పమన్నారు. పీ, ఏ, ఎల్ అని మొదలుపెట్టాను.

“ఏ పీ?” అన్నారు.

పీలో మళ్ళీ ఏ పీ ఏంటో నాకు అర్థం కాలేదు.

“పెద్ద పీయా, చిన్న పీయా? నీ పేరుకి నువ్వే మర్యాద ఇవ్వకపోతే ఊళ్ళోవాళ్ళెందుకిస్తార్రా? చెయ్యి చాపు.”

చాపాను. బెత్తం పడింది. “రెండోది,” అన్నారు. అదీ చాపాను.

నా తప్పేముంది చెప్పండి. మన తెలుగులో ఈ గొడవ లేదు. ‘క’ అంటే ఒకటే ‘క’. వాక్యం మొదట్లో వచ్చినా, మధ్యలో వచ్చినా, జమీందారు పేరులో వచ్చినా, పాలేరు పేరులో వచ్చినా దాని సైజు మారదు. తెలుగు మీడియం వాళ్ళకి పెద్ద ఏబీసీడీలూ చిన్న ఏబీసీడీలూ ఒకే మనిషికున్న రెండు చొక్కాలు. చేతికి ఏది దొరికితే అది తొడిగేవాళ్ళం.

తర్వాత నేను రామచంద్రపురంలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకున్నాను. బోర్డు రాయించేటప్పుడు నా పేరులో పెద్ద పీ పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. రిటైరయ్యాక మాస్టారు కంప్యూటర్ కావాలంటే నేనే పార్టులు తెచ్చి బిగించి ఇచ్చాను. కంప్యూటరుతో పాటు ఏదో ఒక గేము వేసి ఇవ్వడం మా షాపు అలవాటు. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా ఇచ్చిన సీడీలో తుపాకీ గేము ఉంటే అది వేశాను. కొండల్లో పాడుబడ్డ కోట, అందులో దోపిడీ దొంగలు, మన చేతిలో తుపాకీ. అప్పటికే పాత గేము. మాస్టారు దాన్ని చూసి ముఖం చిట్లించారు. వీడియో గేముల కొట్లోంచి పిల్లల్ని చెవి పట్టుకుని స్కూలుకి లాక్కొచ్చిన మనిషి ఆయన. ఆ చెవుల్లో నావీ ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత, 2008 మొదట్లో, ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది. మాట ముద్దగా ఉన్నా వినగా వినగా అర్థమయ్యేది. చెయ్యి మాత్రం రాలేదు. ఫిజియోథెరపీ డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. నేనేమైనా చంటిపిల్లాణ్ణా అని ఆయన దాన్ని మంచం కిందికి దొర్లించేసేవారు. ద్రాక్షారామంలో టీచరుగా చేస్తున్న కూతురు ఆశాజ్యోతి గారు బతిమాలారు. భార్య ఏసమ్మ గారు ఇంట్లో ప్రార్థన పెట్టించారు. బంతి మంచం కిందే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆశాజ్యోతి గారు కంప్యూటర్లో ఏదో వెతుకుతూ పొరపాటున ఆ గేము తెరిచారు. దొంగ ఒకడు ఎదురొచ్చి కాల్చేస్తుంటే ఏం చెయ్యాలో తెలియక బిత్తరపోయారు. వెనక పడక కుర్చీలో ఉన్న మాస్టారు లేచి వచ్చి, ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి మౌసు మీద పెట్టుకుని, చూపుడువేలితో నొక్కారట. తుపాకీ పేలింది, దొంగ పడ్డాడు. రెండు నెలల్లో ఆ వేలు తనంతట తాను చేసిన మొదటి పని అది.

అప్పటినుంచి రోజూ టిఫిన్ అయ్యాక గంటసేపు ఆట. ఎడమచెయ్యి నడిపిస్తుంది, కుడిచెయ్యి కాలుస్తుంది. బంతి పక్కన పెట్టెయ్యండి, ఇదే కానివ్వండి అని డాక్టరు కూడా అన్నాడు. నేను ఒకసారి పక్కన కూర్చుని చూశాను. ఆట కూడా అచ్చం ఆయనలాగే ఉంది. దొంగ అటు తిరిగి ఉంటే కాల్చరు. వెనకనుంచి కాల్చడం మర్యాద కాదట. వాడు ఇటు తిరిగి, ఈయన్ని చూసి, తుపాకీ ఎత్తేదాకా ఆగుతారు. ఈలోపు వాడే కాల్చేస్తాడు. అలా రోజుకి పాతికసార్లు చచ్చిపోతూ, కోట మొదటి గుమ్మం కూడా దాటకుండానే, ఆర్నెల్లలో కుడిచేత్తో చెంచా పట్టుకుని ఉప్మా తినేదాకా వచ్చారు.

సరిగ్గా అప్పుడే నేను వెళ్ళి చెడగొట్టాను.

ఆశాజ్యోతి గారు స్కూలునుంచి తెచ్చిన పెన్‌డ్రైవులోంచి వైరస్ ఎక్కి కంప్యూటర్ నత్తలా తయారైంది. ఆ రోజుల్లో నాకు లినక్స్ పిచ్చి పట్టుకుని ఉంది. విండోస్ బదులు వాడుకునేది, ఉచితం, వైరస్ గొడవ ఉండదు, సీడీ అడిగితే పోస్టులో పంపించేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాడు పెళ్ళాం గురించి చెప్పినట్టు కనపడ్డవాళ్ళందరికీ దాని గురించే చెప్పేవాణ్ణి. ఫోటోలూ ఉత్తరాలూ జాగ్రత్తగా పక్కకి తీసి, మిగిలిందంతా చెరిపేసి లినక్స్ వేశాను. గేము సంగతి నా బుర్రలోకే రాలేదు.

పని అయ్యాక ఊరుకోవచ్చు కదా. ఇది దొంగ సరుకు కాదు మాస్టారూ, ఎవరైనా దర్జాగా వాడుకోవచ్చు అని గొప్పలు మొదలుపెట్టాను. మరి ఇంతకుముందు ఉన్నదో, అని అడిగారు ఆయన. అది కాపీ అండి, ఊరంతా అదే వాడతారు అన్నాను. మాస్టారు ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పారు.

“రెండేళ్ళు... నా ఇంట్లో... దొంగ సొత్తు పెట్టావా. ఇంక అది... ఈ గుమ్మం తొక్కకూడదు.”

మర్నాడు టిఫిన్ అయ్యాక ఆయన గేము అడిగారు. కబురొస్తే వెళ్ళి సీడీ పెట్టాను. లినక్స్ దాన్ని కన్నెత్తి చూడలేదు. అది విండోస్ కోసం చేసిన గేము. అసలైన విండోసే కొందామని ఆశాజ్యోతి గారన్నారు గానీ, అప్పుడు కొత్తగా వస్తున్న విండోసుని ఆ పాత కంప్యూటర్ మొయ్యలేదు. పాతది అసలుది కావాలని కాకినాడలో నాలుగు షాపుల్లో అడిగితే నన్ను వింతగా చూశారు. పోనీ లినక్సులో పేకాట ఉంది, దాంతో వేలు ఆడించండి అన్నాను మాస్టారితో. నలభై ఏళ్ళు చర్చిలో సండే స్కూలు నడిపిన మనిషితో అనాల్సిన మాట కాదని ఆయన చూపుతో తెలిసింది.

వారం తిరక్కుండా ఏసమ్మ గారు షాపుకి ఫోన్ చేశారు. చెంచా మళ్ళీ ఎడమచేతికి మారిందట. రెండు రోజులనుంచి అదీ వద్దని ఆవిణ్ణే పెట్టమంటున్నారట. కుడిచెయ్యి పొద్దస్తమానం ఒళ్ళో తువ్వాలు మీదే ఉంటోందట. ఇలా వదిలేస్తే వచ్చింది కూడా పోతుంది, వేళ్ళు బిగుసుకుపోతాయి అని డాక్టరు చెప్పాడట. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

విండోస్ లేకుండానే విండోస్ గేముల్ని నడిపించే ప్రోగ్రాము ఒకటి లినక్సులో ఉంది. దాని పేరు వైన్. ఆ కంగారులో నేను ఫోన్లోనే, మీరేం దిగులుపడకండి అమ్మగారూ, రేపొచ్చి వైన్ ఎక్కిస్తాను, చెయ్యి దానంతటదే ఆడుతుంది అనేశాను. ఏసమ్మ గారు ఊళ్ళో సారా కొట్టు ముందు కూర్చుని ధర్నా చేసిన మనిషి. ఆ ఇంట్లో ద్రాక్షారసం అంటే చర్చిలో ప్రభు భోజన సంస్కారం నాడు నాలిక తడిపేది, అంతే.

“డాక్టరు చెప్పాడా బాబూ?” అన్నారు, గొంతు తగ్గించి. “చెయ్యి వస్తుందంటే తీసుకురా. తలుపేసి నేనే పట్టిస్తాను. పాస్టరు గారికి మాత్రం చెప్పకు.”

అది తాగేది కాదని చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. తర్వాత తల్చుకుని నవ్వుకున్నాను గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. భర్త చెయ్యి కోసం ఆవిడ ఎంతదూరం దిగడానికి సిద్ధపడిందో అప్పుడు తెలిసింది.

వైన్ ఎక్కించాను. గేము మొదలైంది. శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు. కోట గుమ్మంలో గాలి హోరు, ఎక్కడో దొంగ దగ్గు వినపడుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. తెలిసిన కిటుకులన్నీ ప్రయోగించాను. మాస్టారు మౌసు మీద చెయ్యి పెట్టుకుని ఆ నల్లటి తెరకేసి పావుగంట కూర్చున్నారు. తర్వాత ఎడమచేత్తో ఆ చెయ్యిని ఎత్తి, తీసి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

షాపుకొచ్చి ఇంటర్నెట్‌లో రెండు రోజులు వెతికితే ఇంకో దారి దొరికింది. గేము పాతబడిపోయిందని దాన్ని చేసినవాళ్ళు లోపలి ప్రోగ్రామంతా పదిమందికీ ఇచ్చేశారు. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని లినక్సులో నడిచేలా తిరిగి రాశాడు. ఆ ప్రోగ్రాము ఉచితంగా తెచ్చుకుని, బొమ్మలూ కోటలూ ఉన్న ఫైళ్ళు మన సీడీలోంచి అందులోకి కాపీ చేసుకుంటే చాలు. సీడీ పత్రికవాళ్ళు ఇచ్చిందే కాబట్టి దొంగ సొత్తు కాదు. మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన తలూపారు.

ప్రోగ్రాము దింపాను, ఫైళ్ళు కాపీ చేశాను, నడిపించాను. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, డేటా అనే ఫోల్డరు కనపడలేదు అని ఒక లైను రాసి మూసుకుపోయింది. ఫోల్డరు చూస్తే ఎదురుగా, దాని పక్కనే ఉంది. మళ్ళీ కాపీ చేశాను. మళ్ళీ కనపడలేదంది. ప్రోగ్రాము తీసేసి కొత్తగా వేశాను. చోటు మార్చి పెట్టాను. మూడు రోజులు షాపు మధ్యాహ్నానికి గాని తియ్యకుండా పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. అది ఆ ఒక్క లైనూ అంటుంది, మూసుకుంటుంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనేవాళ్ళతో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు.

మూడోనాడు నేను వెళ్ళబోతుంటే ఏసమ్మ గారు వంటింటి గుమ్మంలో ఆపారు.

“ఆ కాపీదే వేసెయ్యి బాబూ,” అన్నారు మెల్లిగా. “ఆయనకి తెలియనివ్వకు. తప్పయితే నా మీదుంటుంది.”

నాలుగోనాడు కాపీ విండోస్ సీడీ బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. గేము ఆడితే చాలు, ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను. ఆశాజ్యోతి గారు ద్రాక్షారామం బస్సుకి తయారై హాల్లో హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటున్నారు. మాస్టారు నా వెనక పడక కుర్చీలో ఉన్నారు. ఒక్కసారి చివరి ప్రయత్నం అనుకుని ప్రోగ్రాము నడిపించాను. ఆ లైనే వచ్చింది. చిరాకుతో మౌసు బల్ల మీద కొట్టి, బ్యాగు జిప్పు లాగాను.

“చదువు,” అన్నారు వెనకనుంచి మాస్టారు.

“ఏంటండి?”

“అదేమంటుందో... పైకి చదువు.”

ఒళ్ళు మండింది. డేటా ఫోల్డరు లేదంటుందండి, ఇదిగో ఇక్కడ ఏడ్చిందండి అని వేలు పెట్టి చూపించాను.

“స్పెల్లింగ్.”

“డీ, ఏ, టీ, ఏ అండి.”

“ఏ డీ?”

ముప్పై ఏళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, బోర్డు ఉన్న షాపుకి యజమానిని. ఆ మాట వినగానే స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. నిలబడే ఇంకోసారి నడిపించి తెరకేసి చూశాను. ప్రోగ్రాము అడుగుతున్నది చిన్న ఏబీసీడీల్లో రాసిన డేటా. సీడీలోంచి నేను కాపీ చేసినది పెద్ద ఏబీసీడీల్లో ఉన్న డేటా. విండోస్‌కి ఆ రెండూ ఒకటే, మన తెలుగువాళ్ళలాగే. లినక్సుకి కావు, మాస్టారిలాగే. ఈ సంగతి నేను ఎక్కడో చదివాను కూడా. చదివి ఏం లాభం, నాలుగు రోజులనుంచి ఆ రెండు పేర్లూ పక్కపక్కన చూస్తున్నా నా తెలుగు మీడియం కళ్ళకి తేడా ఆనలేదు. ముద్దమాటతో, పడక కుర్చీలో, అంత దూరంనుంచి ఆయనకి ఆనింది.

“పెద్ద డీ అండి,” అన్నాను. “చిన్నది ఉండాలండి.”

బ్యాగు జిప్పు మూసేసి కూర్చున్నాను. లోపలి ఫోల్డర్లూ ఫైళ్ళూ అన్నీ పెద్దక్షరాల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చిన్నక్షరాల్లోకి మార్చుకుంటూ పోయాను. మాస్టారు ప్రతి పేరూ చూసి ఊఁ అన్నారు. మధ్యలో, పేర్లు కదా, మొదటి అక్షరమైనా పెద్దది ఉండొద్దా, వీళ్ళకి ఇంగ్లీషు ఎవరు చెప్పారు అని గొణిగారు. లినక్స్ తరఫున నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

అరగంటకి అయింది. నడిపించాను. నల్లటి కిటికీ తెరుచుకుని, ఈసారి మూసుకోలేదు. గాలి హోరు మొదలైంది. ఆ వెంటనే కొండా, కొండ మీద కోటా కనపడ్డాయి. ఏసమ్మ గారు తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు. ఆశాజ్యోతి గారు హ్యాండ్‌బ్యాగు కింద పెట్టేశారు. బస్సు ఎలాగూ వెళ్ళిపోయి ఉంటుంది.

మాస్టారు లేచి వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నారు. మొదలుపెట్టే ముందు గేము ఆడేవాళ్ళ పేరు అడిగింది. పక్కనుంచి ఆత్రంగా నేనే జాన్ అని నాలుగక్షరాలు కొట్టేశాను. అరగంటనుంచి అలవాటైన చేతులు కదా, నాలుగూ చిన్నవే.

నా తప్పు నాకంటే ముందు ఆయనకి తెలిసింది. ఎడమచెయ్యి చాచి నాలుగక్షరాలూ ఒక్కొక్కటే చెరిపేశారు. తర్వాత ఆ ఎడమచేతి వేలు షిఫ్ట్ మీద పెట్టి ఆగిపోయారు. పెద్ద జే పడాలంటే షిఫ్ట్ నొక్కి ఉంచి రెండో చేత్తో జే నొక్కాలి. రెండో చెయ్యి ఒళ్ళో తువ్వాలు మీద ఉంది.

క్యాప్స్ లాక్ అని ఒక మీట ఉంది. అది ఒకసారి నొక్కితే ఒంటిచేత్తోనే పని అయిపోతుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ చెయ్యి తువ్వాలు మీంచి లేచింది. ఎడమచెయ్యి సాయం రాలేదు, అది షిఫ్ట్ వదల్లేదు. వణుకుతూ కీబోర్డు మీదికి వచ్చి, వేలు ఒకచోట వాలింది. తెర మీద పెద్ద హెచ్ పడింది. ఆయన దాన్ని చెరిపి మళ్ళీ షిఫ్ట్ పట్టుకున్నారు. రెండోసారి కే పడింది. అదీ చెరిపారు. ఏసమ్మ గారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, లేక జే, జే అని ఆ అక్షరమే అంటున్నారో తెలియలేదు. మూడోసారి జే పడింది. పెద్దది, నిటారుగా. మిగతా మూడూ ఎడమచేత్తో చిన్నవి కొట్టి, నా వైపు తిరిగారు.

“చెయ్యి చాపు,” అన్నారు.

చాపాను. ఆ ఇంట్లో ఇప్పుడు బెత్తం లేదు. ఆయన కుడిచెయ్యి జానెడు పైకి లేచి, గాలిలో కాస్త ఊగి, నా అరచేతిలో పడింది. దూదిపింజ పడ్డట్టు ఉంది. తొమ్మిదో తరగతిలో కొట్టిన చెయ్యి ఇదే. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

ఆయన రెండోది అడగలేదు. నేనే చాపాను.